కణితికి కొవ్వు ఇంధనమైతే, నెయ్యి మానేయాలా?

ప్రశ్న: మా పెదనాన్నగారికి పిత్తనాళ క్యాన్సర్ అని తేలింది. కణితి కొవ్వు తిని పెరుగుతుందని విని ఇంట్లో నూనె, నెయ్యి పూర్తిగా ఆపేశారు. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, సేక్కాన్, యాంగోన్

జవాబు: మంచిది కాదు. విన్న మాటలో నిజం లేకపోలేదు. కాలేయంలో ఊరే పైత్యరసాన్ని పేగుకు చేర్చే గొట్టాలే పిత్తనాళాలు. వాటి లోపొరలో పుట్టిన క్యాన్సర్ కణం ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలంటే కొత్త కణాలకు పొరలు కావాలి, శక్తి కావాలి. కొవ్వు ఈ రెండింటికీ పనికొస్తుంది. వేగంగా పెరిగే పిత్తనాళ క్యాన్సర్ కణాలు బయటి కొవ్వును లాక్కొని, తమ శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో మండించుకుంటున్నట్టు ప్రయోగశాలల్లో కనిపించింది. ఆ దారిని మూసే మందుల కోసం వెతుకులాట సాగుతోంది.

కానీ రక్తంలోని కొవ్వంతా కంచంలోంచి రాదు. కాలేయం సొంతంగా తయారుచేస్తుంది. కడుపు మాడ్చుకుంటే ఒంట్లో దాచుకున్న కొవ్వే కరిగి రక్తంలోకి వస్తుంది. అలా కణితి ఆకలి తీరుతుంది, మనిషి చిక్కిపోతాడు. చిక్కిన ఒంటికి ఆపరేషన్, కీమోథెరపీ తట్టుకోవడం కష్టం.

నాళం మూసుకుపోయి పైత్యరసం పేగుకు చేరనప్పుడు మాత్రం కొవ్వు సరిగా అరగదు. అప్పుడు ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా సరిగా ఒంటబట్టవు. కె తగ్గితే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. నూనె ఎంత వాడాలో వైద్యుడే చెప్పాలి. ఆహారం కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టడం మేలు.

ప్రశ్న: యాంగోన్ నదిచేపలకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందా?

జవాబు: పచ్చిగా తింటే ఉంది. ఓపిస్తోర్కిస్ వివెరిని అనే చదును పురుగు మంచినీటి చేపల్లో దాక్కుని, మనిషి పిత్తనాళాల్లో ఏళ్ల తరబడి కాపురం పెడుతుంది. దానివల్ల నాళాల్లో వచ్చే వాపే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ పురుగును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఈశాన్య థాయిలాండ్‌లో ఈ బెడద చాలా ఎక్కువ. యాంగోన్ ప్రాంతంలో జరిపిన సర్వేలో పరీక్షించినవారిలో 0.7 శాతం మంది మలంలోనే గుడ్లు కనిపించాయని 2019లో ప్రచురించారు. చేపల్లోనూ పురుగు దొరికింది.

  ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇష్టంగా తినే మొహింగా (చేపల పులుసుతో తినే సేమియా)తో చిక్కు లేదు, అందులో చేప బాగా ఉడుకుతుంది. జాగ్రత్తంతా పచ్చి చేప, సరిగా ఉడకని చేప, పులియబెట్టిన చేపల విషయంలోనే. ఉప్పు, కారం, నిమ్మరసం పురుగును చంపుతాయని నమ్మకూడదు. మలపరీక్షలో గుడ్లు తేలితే ప్రాజిక్వాంటెల్ మాత్రలు వైద్యుడే ఇస్తారు.

ప్రశ్న: కామెర్లు వస్తే ముందు పసరు మందు వాడి చూడవచ్చా?

జవాబు: వద్దు. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులోకి మారి, మలం తెల్లబడి, ఒళ్లంతా దురద పెడితే నాళం మూసుకుపోయి ఉండవచ్చు. నొప్పి లేదని ఊరుకోకూడదు. వెంటనే రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించాలి. క్యాన్సరే అయితే, కణితి నాళం దాటకముందు ఆపరేషన్ చేస్తేనే నయమయ్యే అవకాశం ఎక్కువ. పసరు కోసం తిరిగే వారాలు ఆ గడువులోంచే పోతాయి.