టైపు యంత్రం – పునరుద్ధరణ

శ్రీశైలం జలాశయపు ముంపు కారణంగా కృష్ణాతీరంలోని సోమశిల ఆలయాలు పూర్వస్థానాన్ని వీడి, ఎగువన పునర్నిర్మితమయ్యాయి. విడదీసిన శిల తన చోటికే చేరినప్పుడు ఆలయం తిరిగి ఆలయమవుతుంది. పాత టైపు యంత్రాన్ని బాగుచేసే అభిరుచికీ ఈ నియమమే వర్తిస్తుంది.

1955లో గోద్రెజ్ సంస్థ మనదేశంలో టైపు యంత్రాల తయారీని ఆరంభించింది. 2009లో అది నిలిచిపోయింది. కార్యాలయాలు, శిక్షణాలయాలు విడిచిన యంత్రాలు పెక్కు పాత ఇనుముగా తూకానికి పోయాయి.

కొనేవారు ముందుగా మీటలన్నీ నొక్కి చూడాలి. అక్షరపు కడ్డీలు విరగక, క్యారేజి తడబడక కదులుతుంటే పైతుప్పుకు వెనుకాడనవసరం లేదు. విప్పిన ప్రతి మరనూ వరుసగా గుర్తించి ఉంచాలి. అక్షరాలలో పేరుకొన్న సిరామట్టిని కుంచెతో తొలగించాలి. కడ్డీలు కదిలే గాళ్ళలో నూనె పోయరాదు. దుమ్ము అంటి అవి బిగుసుకుపోతాయి.

తెలుగు యంత్రానికి మరింత జాగరూకత అవసరం. ఇందులో కొన్ని మీటలు నొక్కినా క్యారేజి ముందుకు జరగదు. అందువల్లనే గుణింతపు గుర్తులు, ఒత్తులు అక్షరానికి పైన, కింద అమరుతాయి. అట్టి అక్షరమొకటి విరిగితే, బదులు అక్షరాన్ని సాధారణంగా మరో తెలుగు యంత్రం నుండే తీసుకోవాలి. కనుక ఒక యంత్రం కొలిమిలో కరిగితే, మిగిలినవాటి ఆయువు కూడా తరుగుతుంది.

బాగుపడిన యంత్రానికి అద్దాల బీరువా రక్ష కాదు; నిత్యోపయోగమే రక్ష.

అర్థాలు : జాగరూకత = మెలకువ; పెక్కు = అనేకం; రక్ష = కాపుదల

ప్రశ్నలు
1. తెలుగు టైపు యంత్రంలోని ప్రత్యేకతను వివరించండి.
2. ఆలయ పునర్నిర్మాణానికి, యంత్ర పునరుద్ధరణకు గల పోలికను తెలపండి.