కటీఫ్ అయిన పది నిమిషాలకి

సాయంత్రం నాలుగింటికి వాకిట్లో ఒకటే గోల. మూడు చక్రాల సైకిల్ హ్యాండిల్ ఒక కొస మా ఐదేళ్ల మనవడి చేతిలో, రెండో కొస ఎదురింటి పాప చేతిలో. వాడి జబ్బ మీద పళ్ల గాట్లు. "నీతో కటీఫ్!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అరుస్తున్నారు. ఇలాంటప్పుడు మన ఇళ్లలో సైకిల్ అటకెక్కుతుంది, పిల్లలిద్దరూ ఏడుస్తారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు. చాలా ఏళ్లు ఆ పిల్లిని నేనే.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హైస్కోప్ అనే సంస్థ ఉంది. చిన్నపిల్లల తగవులకి టీచర్లు ఏం చేయాలో ఆరు మెట్లుగా చెప్పింది. పొయ్యి మీద పాలు పెట్టి కూడా చేయగలిగిన పనే అది.

మొదట పరిగెత్తకండి, అరవకండి. వాళ్ల ఎత్తుకి కిందకి కూర్చుని, కొట్టే చేతినీ కొరికే నోటినీ ఆపండి. సైకిల్ నేను పట్టుకుని, "ఇది కాసేపు నా దగ్గరుంటుంది, మాటలయ్యాక మీకే" అన్నాను. 'మీకే' అన్న మాట మరిచిపోకూడదు. లేకపోతే మళ్లీ అటకే గుర్తొస్తుంది వాళ్లకి.

రెండోది, కోపాన్ని కోపమని చెప్పడం. "నీకు బాగా కోపమొచ్చింది నాన్నా. నీకేమో ఏడుపొస్తోంది తల్లీ." అంతే. ఆ తర్వాత ఎక్కిళ్లు తగ్గేదాకా నోరు మూసుకుని ఉండాలి. మనకి చేతకానిది ఇదే. ఏడుపు ఆగకముందే "సారీ చెప్పు" అంటాం. వాడు నేల చూపులు చూస్తూ గొణుగుతాడు. ఆ సారీ మన తృప్తికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు "ఏమైంది?" అని అడగాలి. "ముందు ఎవరు మొదలెట్టారు?" అంటే మాత్రం రెండు వేళ్లు ఎదురెదురుగా లేస్తాయి. "నీళ్లు తాగడానికెళ్లా, సైకిల్ నాదే" అన్నాడు వాడు. "దిగిపోయాడు మామ్మా, అందుకే ఎక్కా" అంది పాప. ఇద్దరిదీ నిజమే. తనకి తెలిసింది ఎదుటివాళ్లకి తెలియకపోవచ్చన్న సంగతి పిల్లలకి సుమారు నాలుగేళ్ల వయసులోనే అందడం మొదలవుతుంది. విమ్మర్, పెర్నర్ అనే శాస్త్రవేత్తలు 1983లో ఒక చిన్న బొమ్మల కథతో దీన్ని పరీక్షించి చూశారు. తను తిరిగొస్తానని మా వాడికి తెలుసు. పాపకెవరు చెప్పారు?

విన్నది తిరిగి వాళ్లకే చెప్పాలి: "అయితే సైకిల్ ఒక్కటి, ఎక్కాలని ఇద్దరికీ ఉంది." నాలుగో మెట్టు ఈ ఒక్క వాక్యమే.

ఐదోది నాకు సరదా. ఉపాయం వాళ్లనే అడగాలి, మనది నోటిదాకా వచ్చినా మింగేయాలి. "ఇంకో సైకిల్ కొను" అన్నాడు ముందు. "నాకు పది రౌండ్లు, తనకి ఒకటి" అన్నాడు తర్వాత. "ఒప్పుకుంటావా?" అని పాపనడిగితే తల అడ్డంగా ఊపింది. చివరికి తనే అంది, వేపచెట్టు దాకా వాడు, అక్కణ్నుంచి గేటు దాకా తను అని. మొదటి వంతెవరిది? పంటలు వేసుకోవాలంటే ముగ్గురుండాలి కదా, నా చెయ్యీ కలిపాను. ముందు నేనే పండాను! రెండోసారి పాప పండింది.

ఆఖరిది, వదిలేయకుండా మళ్లీ చూసి రావడం. రెండు రౌండ్లయ్యాక వెళ్లి "ఎలా నడుస్తోంది?" అన్నాను. వాళ్లు పట్టించుకోలేదు, అంటే బాగానే నడుస్తోందన్నమాట.

మూడో పిల్ల వచ్చి "నన్నూ ఆడనివ్వండి" అంటే లెక్క వేరు. వివియన్ పేలీ అనే చికాగో టీచరు, ఆడొద్దని ఎవరినీ అనకూడదని తన తరగతిలో నియమం పెట్టి, ఆ అనుభవాన్ని 1992లో పుస్తకంగా రాసింది. ఇంట్లో కూడా ఆ నియమం పెట్టొచ్చు. ఇక రోజూ ఒకడే కొడుతూ, ఒకడే దెబ్బలు తింటుంటే అది తగవు కాదు. అక్కడ రాజీ మాటలు వద్దు, దెబ్బ తినేవాణ్ని ముందు కాపాడండి.

పళ్ల గాట్లు చూసి ఎదురింటి మీదికి బయల్దేరేముందు మాత్రం ఓ అరగంట ఆగండి. గాటు కడిగి, సంగతి చెబుదామని నేను వెళ్లేసరికి, ఇద్దరూ వాళ్లింటి అరుగు మీదే పల్లీపట్టీని గౌను అంచులో పెట్టి కాకెంగిలి చేసుకుంటున్నారు.