ట్యాంకు అంటే నీళ్ళ ట్యాంకేనా?

పిల్లలూ! ట్యాంకు అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? ఊళ్ళో తాతగారింటి డాబా మీది నీళ్ళ ట్యాంకు కదూ! హైదరాబాదు చూసినవాళ్ళకైతే హుస్సేన్ సాగర్ చెరువు గట్టు, అదే ట్యాంక్ బండ్, గుర్తుకొస్తుంది. మరి యుద్ధంలో వాడే బండికి ఈ నీళ్ళ పేరు ఎలా వచ్చింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో సైనికులు కందకాల్లో చిక్కుకుపోయారు. ముళ్ళతీగెలు, మెషిన్ గన్ల వల్ల ముందుకు కదలలేకపోయారు. గుంతలు దాటిపోయే ఇనుప కవచం బండిని 1915లో ఇంగ్లండులో రహస్యంగా తయారు చేయసాగారు. ఎవరైనా అడిగితే నీళ్ళ ట్యాంకు అని చెప్పేవారు. ఆ మారుపేరే చివరికి అసలు పేరైపోయింది!

1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో మార్క్ 1 ట్యాంకులు మొదటిసారి కదిలాయి. బరువు సుమారు 28 టన్నులు, వేగం మనిషి నడకంత! లోపల ఎనిమిదిమంది. ఇంజను కూడా వాళ్ళ మధ్యనే. వేడి, పొగ, చెవులు పగిలే మోత. మాట వినపడక సైగలు చేసుకునేవారు. కబురు పంపడానికి పావురాలను తీసుకెళ్ళేవారు. చాలా ట్యాంకులు దారిలోనే చెడిపోయాయి.

యుద్ధం ముగిశాక పాత ట్యాంకులను డోర్సెట్ లోని బోవింగ్టన్ కు తెచ్చారు. చాలావాటిని పాత ఇనుము కింద తీసేశారు. కొన్నిటిని మాత్రం పక్కన ఉంచారు. "జంగిల్ బుక్" రాసిన రడ్యార్డ్ కిప్లింగ్ 1923లో వాటిని చూసి, మ్యూజియం పెడితే బాగుంటుందన్నారు. ఆయన కొడుకు జాన్ 1915లో ఆ యుద్ధంలోనే మరణించాడు. 1947 నుంచి ఆ మ్యూజియంలోకి ప్రజలను రానిస్తున్నారు. ఇప్పుడక్కడ దాదాపు 300 వాహనాలున్నాయి. 1915 నాటి నమూనా "లిటిల్ విల్లీ", 1943లో ట్యునీషియాలో పట్టుబడిన జర్మన్ "టైగర్ 131" అక్కడే ఉన్నాయి. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క మార్క్ 1 కూడా అక్కడే ఉంది. అదీ పాత ఇనుములో కరిగిపోయి ఉంటే, ఆ ఎనిమిదిమంది ఎంత ఇరుకులో కూర్చున్నారో మనకు కళ్ళారా తెలిసేది కాదు.

మీరు వెళితే, ఫోటో దిగే ముందు ఆ ఎనిమిదిమందిని ఒక్క నిమిషం తలచుకోండి. యుద్ధం ఆట కాదని ఆ ఇనుమే చెబుతుంది.

కొత్త మాటలు
కందకం: సైనికులు దాక్కోవడానికి తవ్విన పొడవాటి గొయ్యి
కవచం: దెబ్బ తగలకుండా కాపాడే తొడుగు
మారుపేరు: అసలు పేరు దాచడానికి పెట్టిన పేరు

ప్రశ్నలు
1. యుద్ధపు బండికి ట్యాంకు అనే పేరు ఎందుకు వచ్చింది?
2. ట్యాంకు లోపలివాళ్ళు సైగలతో ఎందుకు మాట్లాడుకునేవారు?
3. మీ ఇంట్లో దాచుకున్న పాత వస్తువు ఏది? దాని కథ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఐదు వాక్యాలు రాయండి.