ప్రేగుల వ్యాధి – వంశ వారసత్వం

"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?" అని మన పెద్దలంటారు. ముఖకవళికలకు, స్వభావాలకు వర్తించే ఈ సామెతను రోగాలకు కూడా వర్తింపజేయడం లోకంలో పరిపాటి. ఒక ఇంట్లో ఒకరికి దీర్ఘవ్యాధి ఉన్నదని తెలియగానే "అది వాళ్ళ వంశంలోనే ఉన్నది" అనే మాట పుడుతుంది. ఆ మాట పెళ్ళి సంబంధాల దాకా పోతుంది. ఆ భయంతోనే వ్యాధిని, ముఖ్యంగా ఆడపిల్లల వ్యాధిని, దాచేవారున్నారు. మేము వైద్యులము కాము. అయినను శాస్త్రం ఈ విషయంలో ఏమి తేల్చిందో విద్యార్థులకు తేటతెలుగులో చెప్పుట మా ఉద్దేశము.

ప్రేగులలో దీర్ఘకాలం వాపు, పుండ్లు కలిగించే వ్యాధులు ముఖ్యంగా రెండు. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దప్రేగుకే పరిమితమై దాని లోపలి పొరను పుండ్లు చేస్తుంది. రెండవది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్కు వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు దీనిని వర్ణించారు. ఇది నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చును, ప్రేగు గోడ మందమంతటా వ్యాపించవచ్చును. ప్రేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు సహజంగానే నివసిస్తాయి. శరీర రక్షణ వ్యవస్థ వాటితో సామరస్యంగా ఉండవలసింది పోయి, అదుపు తప్పి సొంత ప్రేగుపైననే యుద్ధం చేయడం ఈ వ్యాధుల మూలము. ఇవి అంటువ్యాధులు కావు.

అట్లయితే ఇందులో వంశపు పాలు ఎంత? కవలలను పరిశీలించినప్పుడు సమాధానం దొరికింది. ఒకే అండం నుండి పుట్టిన కవలల జన్యువులు ఒకటే. వ్యాధి పూర్తిగా జన్యువులదే అయితే ఒకరికి వచ్చినది రెండవవారికి తప్పక రావలెను. కాని అట్లా జరుగుట లేదు. క్రోన్స్ వ్యాధిలో సగం మంది జంటలలోనైనా ఇద్దరికీ రావడం అరుదు. అల్సరేటివ్ కొలైటిస్‌లో అంతకన్న చాలా తక్కువ. కాబట్టి వంశం వ్యాధికి అవకాశాన్ని ఇస్తుందే గాని తీర్పును ఇవ్వదు.

2001లో శాస్త్రజ్ఞులు పదహారవ క్రోమోజోముపై నాడ్-2 అనే జన్యువుకు క్రోన్స్ వ్యాధితో సంబంధమున్నదని కనుగొన్నారు. సూక్ష్మజీవుల గోడలోని ఒక ముక్కను గుర్తుపట్టి శరీరాన్ని హెచ్చరించుట ఈ జన్యువు పని. ఒక విధంగా అది కోట కావలివాడు. 2012 నాటికి ఈ వ్యాధులతో సంబంధమున్న స్థానాలు 163 అని లెక్క తేలింది. తరువాత ఆ సంఖ్య ఇంకను పెరిగింది. ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పము. ఒక్క పోగుతో సిరిసిల్ల మగ్గంపై బట్ట తయారు కానట్లే, ఒక్క జన్యువుతో ఈ వ్యాధి సాధారణంగా తయారు కాదు.

ఇక్కడ మన హైదరాబాదుకు సంబంధించిన విశేషమొకటి ఉన్నది. ఐరోపావారిలో పేరుపడిన నాడ్-2 మార్పులు మనవారిలోను ఉన్నవా? 2008లో వేలూరు పరిశోధకులు, భారతీయ క్రోన్స్ రోగులలో ఆ సాధారణ మార్పులు కనిపించుట లేదని ప్రకటించారు. 2011లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, ఏషియన్ గ్యాస్ట్రోఎంటరాలజీ సంస్థ వైద్యులు కలిసి పరిశీలించి, ఆ మార్పులకు భారతీయుల వ్యాధితో సంబంధం లేదనే తేల్చారు. మనకు వారసత్వమే లేదని దీని అర్థం కాదు. మన వారసత్వాన్ని మనమే పరిశోధించుకోవలెను, పరాయి పటంతో మన ఊరి దారి దొరకదు అని అర్థము.

ఇది కేవలం పాండిత్య విషయం కాదు. ఈ వ్యాధికి అజథయోప్రిన్ అనే మందు వాడుకలో ఉన్నది. కొందరిలో అది తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఐరోపావారిలో ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టుటకు టి.పి.ఎం.టి. అనే జన్యువును చూస్తారు. అయితే ఆసియావారిలో నడ్-15 అనే మరొక జన్యువు ముఖ్యమని 2014లో కొరియాలో బయటపడింది. హైదరాబాదు వైద్యులు 1014 మంది రోగులను పరిశీలించి, మనవారిలోను ప్రమాదాన్ని ఈ జన్యువే మెరుగుగా తెలుపుతుందని 2020లో ప్రకటించారు. పరాయి పరీక్షనే నమ్ముకుంటే మన రోగి ప్రాణానికే ముప్పు రావచ్చునన్న మాట.

జన్యువులు విత్తనమైతే పరిసరాలు నేల. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో స్థిరపడిన దక్షిణాసియావారిలో అల్సరేటివ్ కొలైటిస్ అక్కడి ఐరోపావారి కన్న ఎక్కువగా కనిపించింది. ఊరు మారినంత మాత్రాన జన్యువులు మారవు. మారినది ఆహారము, జీవన విధానము. ఇది పట్నపు జబ్బు అనే భ్రమ కూడ తొలగినది. హైదరాబాదు వైద్యులు ప్రేగుల బాధలున్న ముప్పై వేలకు పైగా ప్రజలను పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితాలలో, పల్లెలలోను పట్టణాలలోను ఈ వ్యాధి దాదాపు సమానంగానే కనిపించింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసర పల్లెలు దీనికి దూరమని అనుకొనుటకు వీలులేదు.

మరొక మాట సంకోచం లేకుండా చెప్పవలెను. పసితనంలోనే వచ్చే అత్యంత తీవ్రమైన రకంలో మాత్రం కొన్నిసార్లు ఒకే ఒక్క జన్యువు కారణమవుతుంది. వాపును అణచే సంకేతాన్ని అందుకునే జన్యువు చెడిపోతే ఇట్లా జరుగుతుందని 2009లో తెలిసింది. మొదట కనుగొన్నది రక్తసంబంధీకుల వివాహాలు జరిగిన కుటుంబాలలోనే. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన ప్రాంతంలో హిందువులలో మేనరికాలు, ముస్లిములలో పినతండ్రి, పెదతండ్రి పిల్లలతో సంబంధాలు, రెండును ఉన్నవే. ఎవరినీ నిందించుట మా అభిమతం కాదు. అటువంటి బిడ్డ పుట్టిన ఇంట మరో సంబంధం కలుపుకొనే ముందు, మరో కాన్పుకు ముందు, జన్యు వైద్యుల సలహా తీసుకొనుట వివేకము.

వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తము, బరువు తగ్గుట, కడుపునొప్పి ఉంటే మొలలని సరిపెట్టుకొని నాటుమందులతో కాలం గడుపరాదు. క్రోన్స్ వ్యాధికి, ప్రేగుల క్షయకు లక్షణాలు ఒకేవిధంగా ఉంటాయి. చికిత్సలు మాత్రం వేరు. ఒకదానికి బదులు మరొకదానికి మందు వాడితే అనర్థము. పొగ త్రాగుట క్రోన్స్ వ్యాధిని తీవ్రం చేస్తుంది. వైద్యుడు చెప్పిన రక్తపరీక్షలు మానరాదు. కుదుటపడినదని మందును సొంతంగా ఆపరాదు.

విద్యార్థులారా! వంశం నుండి వచ్చినది నేరము కాదు, దాచవలసిన మచ్చ అంతకన్నా కాదు. చికిత్సతో ఈ రోగులలో చాలామంది చదువుకొంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, సంసారాలు నడుపుతున్నారు. మీ ఇంట, మీ వాడలో "అది వాళ్ళ వంశంలోనే ఉన్నది" అనే మాట వినిపించినప్పుడు, ఆ మాటలో సత్యమెంతో, అపోహ ఎంతో వివరించగలిగితే మీ చదువు సార్థకమైనట్లే.