కొండారెడ్డి బురుజు: ఒక అధ్యయన యాత్ర

కర్నూలుకు క్రొత్తగా వచ్చిన వారు మొదట అడిగేది కొండారెడ్డి బురుజు ఎక్కడ అని. ప్రతిదినం దాని ప్రక్కగా కళాశాలకు నడిచి వచ్చే మేము మాత్రం దానిని ఏనాడూ నిలబడి చూచి ఎరుగము. ఈ లోపాన్ని గుర్తించి మా చరిత్రోపన్యాసకులు ఒక ఆదివారం ఉదయం మమ్ములను అక్కడికి తోడ్కొని వెళ్ళారు.

బురుజు ముందు నిలిచి వారు వేసిన మొదటి ప్రశ్న చరిత్రకు సంబంధించినది కాదు, భాషకు సంబంధించినది. "ఈ పేరు ఏ భాషది?" తెలుగని కొందరం, ఉర్దూ అని కొందరం అన్నాము. రెండూ నిజమే. కొండారెడ్డి తెలుగువాడు. 'బుర్జ్' అరబ్బీ పదం. అది పారశీక, ఉర్దూ భాషల తోడి సాంగత్యంతో మన నోట 'బురుజు' అయినది. కట్టించినది విజయనగర ప్రభువు, పేరులో సగం అరబ్బీ. ఈ ఊరి చరిత్ర అంతా ఈ ఒక్క పేరులోనే ఇమిడి ఉన్నదని మాకు తోచింది.

కర్నూలు కోటను 1529 నుండి 1542 వరకు పాలించిన అచ్యుతదేవరాయల కాలంలో నిర్మించారు. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగిన పిమ్మట కొంతకాలం ఆరవీటి వంశీయుడైన గోపాలరాజు ఇక్కడ ఉన్నాడు. ఆలంపురం పాలకుడైన కొండారెడ్డిని ఆయన ఈ బురుజులో బంధించాడని, అందుచేతనే దీనికి ఆ పేరు నిలిచిందని చెప్పుకొంటారు. కట్టించిన రాజు పేరు మరుగున పడి, బందీ పేరు శాశ్వతం కావడం విచిత్రమే కదా! అటుపై కోట బిజాపూరు సుల్తానుల వశమైంది. తరువాత మొగలుల ఏలుబడిలో పఠాను నవాబుల జాగీరైంది. 1751లో బుస్సీ నాయకత్వాన ఫ్రెంచి సేన దీనిని ముట్టడించి పట్టుకొన్నది. కడపటి నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు కూడబెట్టాడని కుంపిణీవారు 1839లో ఆయనను పదవీచ్యుతుణ్ణి చేసి తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి సంవత్సరమే ఆయన అక్కడ హత్యకు గురైనాడు.

"మరి కోట ఏదీ?" అని మాలో ఒకరు అడిగారు. 1860వ దశకంలో ఆంగ్లేయులు గోడలను చాలావరకు పడగొట్టారు. కొండారెడ్డి బురుజు, ఎర్ర బురుజు వంటి కొన్ని భాగాలే మిగిలాయి. గోడలు పోయినా ఊరు మిగిలింది. బుధవారపేట, కొత్తపేట, జొహరాపురం అని వాడల పేర్లు చదువుకొంటూ పాతబస్తీ సందులలో నడిచాము. ఒక అంగడిలో బేరం ఉర్దూలో మొదలై తెలుగులో ముగియడం విన్నాము. 1953 అక్టోబరు 1 నుండి 1956 అక్టోబరు చివరి వరకు ఈ పట్టణమే ఆంధ్రరాష్ట్ర రాజధాని. భవనాలు చాలక ఎన్నో కార్యాలయాలు గుడారాలలో నడిచాయి.

చివరకు హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్‌కు చేరుకొన్నాము. బిజాపూరు పక్షాన కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి అది. తుంగభద్ర, హంద్రీ నదులు ఊరికి జీవమూ, భయమూ కూడా. 2009 అక్టోబరులో రెండూ పొంగి పాతనగరాన్ని ముంచెత్తిన సంగతి మా ఇండ్లలో పెద్దలు నేటికీ కన్నీటితో చెబుతారు.

తిరిగి వస్తూ మరల బురుజు వద్ద ఆగాము. ఇక్కడి నుండి తుంగభద్ర అడుగుగా గద్వాల కోటకు సొరంగం ఉన్నదని వాడుక. మేము ఉత్సాహంగా ఆ కథ చెప్పగా ఉపన్యాసకులు, "కథను కథగా వ్రాసుకోండి, చరిత్రగా వ్రాయకండి" అన్నారు. ఇంతలో మాలో ఒకడు గోడ మీద మేకుతో తన పేరు చెక్కబోయాడు. వారు కోపగించలేదు. "నాయనా, ఈ రాళ్ళు పేర్చిన కూలివాడు తన పేరు చెక్కుకొన్నాడా?" అని మాత్రం అడిగారు. అతడు మేకు పారవేసి తల వంచుకొన్నాడు. ఆ మేకు అతని చేతిలో కనబడినా వారించని మేమందరమూ తల వంచుకొన్నాము.

కోట గోడలను పరాయి ప్రభుత్వం పడగొట్టిందని విచారించే మనం, మిగిలిన దానిని మన చేతులతోనే గాయపరచడం న్యాయమా? 1953లో రాజధానిగా వెలిగిన నగరానికి మూడేండ్లకే ఆ హోదా పోయింది. బురుజు మాత్రం పోలేదు. విద్యార్థి మిత్రులారా! రేపు దాని ప్రక్కగా నడిచేటప్పుడు ఒక్క నిమిషం ఆగి తల ఎత్తి చూడండి. అది ఒక మతానిదీ కాదు, ఒక భాషదీ కాదు. మన ఊరిది.