కొత్త ఈతకొలనులో నీళ్లు నిలవడం లేదు!

వాడపల్లిలో, గోదారి గట్టుకు దగ్గరగా, ఇంటి పెరట్లో ఈతకొలను కట్టించుకున్న పాఠకుడి గోడు ఇది: రోజూ నీళ్లు తగ్గిపోతున్నాయి, కాంట్రాక్టరేమో 'ఎండకు ఆవిరవుతున్నాయి' అంటున్నాడు.

ఆవిరా, కారడమా? బకెట్టే తేలుస్తుంది. నీళ్లు నింపిన బకెట్‌ను కొలను మెట్టు మీద ఉంచి, లోపలా బయటా నీటిమట్టం గుర్తుపెట్టి, మోటారు ఆపి, ఒక రోజు ఆగాలి. బయటి మట్టం ఎక్కువ తగ్గితే లీకేజీయే. కోపంతో కొలను మొత్తం తోడించేయకూడదు. డెల్టా నేలలో ఊటనీటి ఒత్తిడికి ఖాళీ తొట్టి పైకి లేచే ప్రమాదముంది. అప్పుడు తప్పంతా యజమాని నెత్తినే!

ఫొటోలు, బిల్లులు, ఇంజనీరు నివేదిక జతచేసి స్పీడ్ పోస్టులో కాంట్రాక్టరుకు నోటీసివ్వాలి. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఇంటి నిర్మాణమూ 'సేవే'నని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అదే రిసార్టు వ్యాపారానికి కట్టించిన కొలనైతే సాధారణంగా సివిల్ కోర్టుకే వెళ్లాలి.