పొద్దున్నే మొండికేసే ట్రాక్టర్: బ్యాటరీ మార్చే ముందు

దాళ్వా దమ్ములు, యాసంగి నాట్లు, చెరకు తోలకం అన్నీ ఒకేసారి మీద పడే డిసెంబరు, జనవరి నెలల్లోనే ట్రాక్టర్లు తెల్లవారుజామున మొండికేస్తాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, ఇటు చింతపల్లి, అరకు ఏజెన్సీలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి జారే రోజుల్లో ఈ బాధ మరీ ఎక్కువ. మధ్యాహ్నం తాళం తిప్పగానే అందుకునే బండి పొద్దున ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా లేవదు. బ్యాటరీ పోయిందని తేల్చేసి, వేలు పోసి కొత్తది తెచ్చి పెట్టే రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే తంతు. అసలు తప్పు ఏ రాగి వాషర్‌లోనో, తుప్పు పట్టిన ఎర్త్ తీగలోనో అలాగే ఉండిపోతుంది.

డీజిల్ ఇంజను ఎలా అంటుకుంటుందో తెలిస్తే సగం రోగం పట్టుబడినట్టే. దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ పైకి వస్తూ సిలిండర్‌లోని గాలిని దాదాపు 16 నుంచి 18వ వంతుకు నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. నాజిల్ చిమ్మిన డీజిల్ ఆ వేడికే మండుతుంది. అంటే ఇంజను జోరుగా తిరగాలి, గాలి కారిపోకుండా నొక్కుకోవాలి, డీజిల్ వేళకు పడాలి. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజనాయిల్ చిక్కబడి తిరగడం బరువవుతుంది, చల్లబడ్డ సిలిండర్ గోడలు పుట్టిన వేడిని లాగేస్తాయి. మామూలు రోజుల్లో బయటపడని చిన్న లోపం ఈ నెలల్లో బయటపడేది అందుకే.

పానా పట్టుకునే ముందు చెవి పెట్టి వినాలి. తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజను కదలకపోతే బ్యాటరీలో చార్జి లేదు, లేదా కరెంటు దారిలో ఎక్కడో అడ్డు ఉంది. మూలుగుతూ బరువుగా తిరిగితే బ్యాటరీ, తీగలు, సెల్ఫ్ మోటారు బుష్‌లు, ఆయిల్ చిక్కదనం చూడాలి. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజను కదలకపోతే పినియన్ పట్టడం లేదు. ఇంజను చక్కగా, ఎప్పటి జోరుతో తిరుగుతూ కూడా అందుకోకపోతే మాత్రం బ్యాటరీ జోలికే పోనక్కర్లేదు. తప్పు డీజిల్ దారిలో ఉంది, లేదా ఇంజను లోపల ఉంది.

బ్యాటరీ సంగతి తేల్చడానికి కొద్ది వందలకు దొరికే మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు చూపిస్తే చార్జి నిండుగా ఉన్నట్టు. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసపడింది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రాకపోతే తప్పు చార్జింగుది; కొత్త బ్యాటరీ తెచ్చినా అదీ పడుకుంటుంది. ఇక అందరూ మరిచేది ఎర్త్. కేజ్ వీల్స్ వేసి దమ్ము చేసిన బండి అడుగున బురద పట్టి, ఎర్త్ తీగ బోల్టు కింద తుప్పు పేరుకుంటుంది. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ పోలుకు, రెండోదాన్ని ఇంజను ఇనుముకు ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ తీగ విప్పి, రెండు వైపులా మెరిసేదాకా గీకి, గట్టిగా బిగిస్తే సరి. పైసా ఖర్చుండదు.

చెవి తర్వాత కన్ను. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ సైలెన్సర్ వైపు చూడాలి. తెల్లటి పొగ వస్తే డీజిల్ పడుతోంది గానీ మండడం లేదు: చలి కావచ్చు, హీటర్ పనిచేయకపోవడం కావచ్చు, నాజిల్ సరిగా చిమ్మకపోవడం కావచ్చు, రింగులు అరిగి గాలి కారిపోవడమూ కావచ్చు. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే రింగులు అరిగాయనే అనుకోవాలి. అది బోరు పనికి వచ్చిన బండి, మెకానిక్ చేతికి ఇవ్వాల్సిందే. అసలు పొగే రాకపోతే డీజిల్ సిలిండర్‌కు చేరడం లేదు. ముందు ఇంజను ఆపే నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడాలి. దాని కేబుల్ పట్టేసి నాబ్ సగంలో ఆగడం చాలా మామూలు.

పొద్దున మొండికేసి, ఒకసారి లేచాక రోజంతా బాగా పనిచేసే బండ్లలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది: ఎయిర్ పట్టడం. డీజిల్ దారిలో ఎక్కడో ఒక కీలు దగ్గర సన్నటి సందు ఉంటే, బండి ఆగిన రాత్రి గాలి లోపలికి దూరి, గొట్టాల్లోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. దీన్ని రుజువు చేసుకోవడం తేలిక. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్ కొట్టాలి. మొదట బొటనవేలి కింద మెత్తగా, ఖాళీగా ఆడి, కాసేపటికి గట్టిపడుతుంది. ఆ తర్వాత బండి వెంటనే అందుకుంటే గాలి పట్టిందని తేలిపోయినట్టే. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి ప్రైమర్ కొడితే నురగతో బుడగలు వస్తాయి. బుడగలు ఆగి డీజిల్ ధార కట్టాక, కొడుతూనే స్క్రూ బిగించాలి. పంపు దగ్గర ఉన్న స్క్రూతోనూ ఇదే పని.

ఎయిర్ తీసి ఊరుకుంటే మర్నాడు మళ్లీ మొదటికే. గాలి ఎక్కడ దూరుతోందో పట్టుకోవాలి. రాత్రి బండి ఆపాక గొట్టాల కీళ్లన్నీ పొడి గుడ్డతో తుడిచి, పొద్దున వేలితో తడిమితే, తడి తగిలిన చోటు మీద మొదటి అనుమానం. బోల్టు విప్పిన ప్రతిసారీ కొత్త రాగి వాషర్ వేయాలి. అణగిన పాతదాన్నే మళ్లీ బిగిస్తే సందు మిగులుతుంది. పగిలిన రబ్బరు గొట్టం, ఫిల్టరు గాస్కెట్ కూడా చూడాలి. గడ్డివాము పక్కన నిలిపే బండ్ల గొట్టాలు ఎలుకలు కొరుకుతాయి, ఎయిర్ క్లీనర్ పైపులో గూడు కట్టినా కట్టొచ్చు.

ట్యాంకులో నీళ్లు మరో సంగతి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి ఆవిరి చెమర్చి, నీరై అడుగున చేరుతుంది. అందుకే ట్యాంకు పొద్దున కంటే సాయంత్రం నింపడం మేలు. నీరు దిగే గిన్నె కింది స్క్రూ తిప్పి వారానికోసారి నీళ్లు వదిలేయాలి.

సెల్ఫ్ ఒకసారికి 10 సెకన్లు మించి కొట్టకూడదు. మళ్లీ కొట్టే ముందు ఒక నిమిషం ఆగాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోవడమే కాక సెల్ఫ్ మోటారు కూడా కాలుతుంది. గాలి పీల్చే చోట మండే గుడ్డ పెట్టడం, హీటర్ ఉన్న ఇంజనులోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం ఇంజనును పగలగొట్టే పనులు. వీటన్నిటికంటే ఘోరమైంది కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు టెర్మినళ్లు కలపడం. గేరులో ఉన్న బండి లేచిన క్షణమే కదులుతుంది, వెనక చక్రం పక్కనున్న మనిషి మీదికి ఎక్కుతుంది. ఎంత తొందర పనైనా సీటులో కూర్చుని, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి తాళం తిప్పాల్సిందే.

50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం తయారైన బండ్లలో చాలావరకు కంప్యూటర్ నడిపించే కామన్ రైల్ ఇంజన్లే ఉంటాయి. పాత బండికి చేసినట్టు వీటి నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేయకూడదు. అక్కడి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దూరేంత ఒత్తిడిలో ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగితే కంపెనీ మెకానిక్‌ను పిలవాలి. పని నేర్చుకోవాలనుకునే వారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ ట్రాక్టర్ నిర్వహణ, మరమ్మతుల మీద శిక్షణ ఇస్తారు. ఇంట్లో బండి నడిపే కుర్రాణ్ని యాసంగి పనులు తెమిలాక పంపితే వచ్చే చలికాలానికి అక్కరకొస్తాడు.